ముక్కు మీద పడాల్సిన ఎరుపు

పెదాలు చూసి పట్టుకుపోయారండీ. దొంగతనమైతే చేతులు చూస్తారు, రంకైతే కడుపు చూస్తారు. రాజద్రోహానికి పెదాలు చూడ్డం నేనెక్కడా వినలేదు కమిషనరుగారూ.

మీ మనుషులు ఇద్దరొచ్చారు. సేన్-జాక్ వీధిలో కిల్లెబెర్ గారి బొమ్మల అంగడి, దాని నెత్తిన కొట్టంలాంటి గది, ఆ గదిలో ఓ పొడుగు బల్ల, బల్ల చుట్టూ అచ్చుబొమ్మలకు రంగులద్దే మా ఆడవాళ్ళం. "ఈ బొమ్మకు ఎరుపు వేసిందెవత్తె?" అన్నాడు మీసాలాయన. ఒక్కతీ నోరు విప్పలేదు. విప్పకపోతేనేం, ఆయనకు దేవుడిచ్చిన తెలివుంది. గోడకు వరసగా నిలబెట్టి మూతులు చూసుకుంటూ పోయాడు, సంతలో గుర్రాల్ని చూసినట్టు.

మేం కుంచెను నోట్లో పెట్టి మొన సన్నం చేసుకుంటామండీ. పొద్దుగూకులూ అదే పని. ఎవరి రంగు వాళ్ళ పెదాలకు పట్టేస్తుంది, ఆదివారం చర్చికి పోయే ముందు ఎంత రుద్దినా వదలదు. ఆకుపచ్చ వేసే ముసలి గోదెలీవ్‌ను చూస్తే గట్టు మీద గడ్డి మేసి వచ్చిన ఆవు గుర్తొస్తుంది. నాది నీలం. మా ఉర్సూల్‌ది ఎరుపు.

"పద" అన్నాడు. అంతే విచారణ.

పదహారేళ్ళు నిండలేదు దానికి. నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయాక దాన్నీ, దాని అన్ననీ నేనే సాకాను. నేనా? మార్సెలీన్ త్రుబెర్ అంటారు. ఆ బల్లకు పెద్దను. మీరు కలం తీసేంత గొప్పదాన్నేం కాదు లెండి, అక్రోట్లు కొట్టుకుంటూ వినండి చాలు.

సాయంత్రం బండిలో దాన్ని పెద్ద జైలుకు పంపేస్తారని మీ వాకిట జవాను చెప్పాడు. అక్కణ్ణించి కోర్టు, కోర్టునించి ఇంకెక్కడికో. అక్కడికి పోయిన ఆడపిల్ల మళ్ళీ ఏ వీధిలో తేలుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరొక్క మాటంటే ఆ బండెక్కదు. ఆ మాట కోసం వచ్చాను.

ఇదిగో, బొమ్మ మీ ముందే ఉంది గదా, తొక్కల కింద. ఏముందండీ అందులో? ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు నడుం పైన గుడ్డ లేకుండా గుద్దుకుంటుంటే ఒకడు పడ్డాడు. చుట్టూ కుండల్లాంటి టోపీలతో దొరలు. వాళ్ళ పటాలాలు మన పారీసులో దిగిన కాణ్ణించీ ఈ గుద్దులాట బొమ్మలకు తెగ గిరాకీ. గీసిన కుర్రాయన క్లిషీ గేటు అవతల ఓ గుర్రపుశాల వెనక నిలబడి కళ్ళారా చూశాడట. వచ్చి రాతి మీద గీశాడు, రాతినించి కాయితం మీదికి అచ్చు తీశారు, ఆ కాయితాలు మా బల్ల మీదికొచ్చాయి.

ఎంత నవ్వుకున్నామని. "వీళ్ళకు కాళ్ళు లేవుటే? మనాళ్ళలాగా తన్నుకోరేం?" అంది గోదెలీవ్. "కాళ్ళు పారిపోడానికి దాచుకున్నార్లే" అంది ఇంకోతె. "చొక్కాలు విప్పి కొట్టుకోవడం మాత్రం బానే ఉంది, కొట్టుకోకపోయినా బానే ఉండును" అంది మూడో ఆవిడ, ఆవిడ విధవరాలు. కుట్ర చేసే ఆడాళ్ళ మాటలు ఇట్లా ఉంటాయా?

ఏంటీ? నడికట్టా? చూస్తున్నా. మీ వేలు తీస్తే కనపడుతుంది.

పడ్డవాడి నడికట్టు. వదులై కొస తొడ మీద వేలాడుతోంది. నీలం, దాని పక్కన తెలుపు, దాని పక్కన ఎరుపు. అవును. ఆ మూడూ, ఆ వరసనే. రాజుగారు తిరిగొచ్చి పాత జెండాను నిషేధించాక ఆ మూడు రంగులు ఒకచోట కనపడితే జైలేనని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మా సందు చాకలామె తాడు మీద బట్టలు ఆరేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటోంది.

కానీ ఒక్కసారి నా మాట వినండి. ఆ మూడు రంగులు వేసింది ఒక మనిషి కాదు.

మా పని వరస మీకు తెలీదు. ఒక్కొక్కతెకు ఒక్కటే రంగు. బొమ్మ నా ముందుకొస్తుంది, నేను నీలం పడాల్సిన చోట నీలం పెట్టి పక్కకు తోస్తాను. పక్కది పసుపు పెట్టి తోస్తుంది. అట్లా బల్ల చుట్టూ తిరిగి చివరికి ఎరుపు దగ్గరికి పోతుంది. మొత్తం బొమ్మను ఏ ఒక్కతీ చూడదు. వంటింట్లో ఉప్పేసిందొకతె, కారమేసిందొకతె అయితే కూర కుదరలేదని ఎవర్ని కొడతారు?

నీలం నేను వేశాను. దాని పేరు ప్రష్యా నీలం. ప్రష్యా సిపాయిలు మొన్నటిదాకా మన తోటల్లో గుర్రాలు కట్టేసుకున్నారు, రాజుగారిని గద్దె ఎక్కించిన పుణ్యంలో వాళ్ళకూ వాటా ఉంది. వాళ్ళ పేరు పెట్టుకున్న రంగుకు రాజద్రోహం ఎట్లా అంటుతుందండీ?

తెలుపు అసలు ఎవరూ వెయ్యలేదు. అది కాయితం. గుడ్డ మడత మెరిసినట్టు కనపడాలంటే కొస దగ్గర సన్నటి చార వదిలెయ్యాలి, రంగు ముట్టించకూడదు. ఆ వదలడమే మా పనితనం. కావాలంటే కాయితం మిల్లువాణ్ణి పట్టుకోండి. వాడు పాతగుడ్డలు కుళ్ళబెట్టి చేస్తాడు, ఆ గుడ్డ ఎవడి చొక్కాయో వాణ్ణి పట్టుకోండి.

నవ్వారా? నవ్వలేదా. దగ్గొచ్చిందా. సరే.

కిల్లెబెర్ గారేమన్నారు? "ఆడవాళ్ళు మేడ మీద ఏం పూశారో నాకేం తెలుసు" అన్నాడా. అంటాడు. బొమ్మ అమ్ముడైతే ఆయన బొమ్మ, జైలొస్తే మా పూత. గీసిన కుర్రాయనకు పల్లెటూళ్ళో అత్తగారింట్లో ఉన్నట్టుండి జ్వరమొచ్చింది. మగాళ్ళకు మంచి సమయం చూసుకుని వస్తాయి జ్వరాలు.

ఇంకేముంది మీ అనుమానం? పడ్డవాడు లేవబోతున్నాడు, ఆ జెండా మళ్ళీ లేస్తుందని చెప్పినట్టుంది, అదా?

లేవబోతున్నాడు, నిజమే. ఒక మోకాలు నేల మీదుంది, వెనకనించి ఒకడు చంకలో చెయ్యేసి ఎత్తుతున్నాడు. అది మేం కల్పించింది కాదు. ఇంగ్లీషువాళ్ళ గుద్దులాటలో కింద పడితే ఆట అయిపోదట. పడ్డవాణ్ణి వాడి మనిషి లేపి, తన మోకాలే పీటగా వేసి కూచోబెట్టి, నోట్లో నీళ్ళు పోస్తాడు. అరనిమిషం గడువు. ఈలోగా లేచి గీత దగ్గర నిలబడ్డాడా, ఆట సాగుతుంది. లేవలేదా, ఓడినట్టు లెక్క. గీసినాయన ఆ అరనిమిషాన్ని గీశాడు, అంతే. వాళ్ళ దేశంలో పడ్డవాడు లేవడం ఆట. మన దేశంలో అది నేరమని ఆ రాతికేం తెలుసు?

లేదండీ, వెటకారం కాదు. నా నోరే అంత. మా ఆయన బతికున్నన్నాళ్ళూ అదే ఏడుపు, "నీ నోటికి తాళం చేయించడానికి కమ్మరి దొరకలేదే" అని. ఈ నోటితోనే అడుగుతున్నా. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. మీ బల్ల కింద చోటు ఇరుకు, అయినా దూరతా.

ఇంకో అక్రోటు తీసుకున్నారు.

అయితే చెబుతున్నా వినండి. ఎరుపు వేసింది అది కాదు. నేను. ఇటు చూడండి, నా పెదాలు. ఎర్రగా లేవూ? మీ మీసాలాయన కళ్ళు సరిగ్గా కనపడక పిల్లను పట్టుకుపోయాడు. నేనే వేశాను, నన్ను పట్టుకోండి.

ఏంటి అట్లా చూస్తారు. పళ్ళా? పళ్ళు చూపించమంటారా.

హు. చిగుళ్ళు నీలం. ఇన్నేళ్ళ నీలం ఒక పొద్దుటి ఎర్ర ఇంగిలీకంతో పోతుందా. అవును, అబద్ధమే. ఇంట్లోంచి బయల్దేరే ముందు దాని కుంచె తీసి నాకాను. ఎట్లా ఉంటుందో తెలుసా ఆ రుచి? పాత రాగి చెంచా చప్పరించినట్టు. పాపం, పిల్ల రోజంతా దాన్నే చప్పరిస్తుంది, ఇప్పటికే రెండు పళ్ళు కదులుతున్నాయి. "పెద్దమ్మా, నాకు పెళ్ళయ్యేలోగా అన్నీ రాలిపోతాయేమో, గంజి తాగే మొగుణ్ణి చూడు" అంటుంది. అట్లాంటి పిల్ల అది. దాని బుర్రలో జెండాలెక్కడివండీ?

సరే, నిజమే చెబుతా. నిజం చెబితే వదులుతారని ఆశ.

ఆ ఎరుపు అక్కడ పడాల్సింది కాదు. గీసినాయన తనే రంగులేసి మాకు చూపుబొమ్మ ఇచ్చాడు, దాన్ని చూసి మేం మిగతావి వెయ్యాలి. అందులో ఎరుపు ఎక్కడుందంటే, పడ్డవాడి ముక్కు కింద. నెత్తురు. ముక్కునించి పెదవి మీదికి ఒక్క చార.

ఉర్సూల్ కొన్ని అట్లాగే వేసింది. తర్వాత దాని చెయ్యి ఆగిపోయింది. నేను నా నీలంలో మునిగున్నా. తలెత్తి చూస్తే కుంచె గాల్లో పట్టుకుని కూచుంది.

ఎందుకంటే ఆ పడ్డవాడి మొహం మా బాస్తియాన్ మొహం. గీసినాయనకు వాడెవరో తెలీదు, ఎవడో ఇంగ్లీషు గుర్రాలవాణ్ణి గీసుకున్నాడు. కానీ ఆ దవడ, ఆ కనుబొమలు, చెవి పక్కన ఆ చుట్టు తిరిగిన జుట్టు, అచ్చం వాడే. ఉర్సూల్ అన్న. వాణ్ణి యుద్ధానికి తోలుకుపోయారు, వాటర్లూ నించి తిరిగొచ్చాడు. తుపాకి మడమ దెబ్బకు ముక్కు ఎముక నుజ్జయిపోయి వచ్చాడు. ఆ చలికాలమంతా వాడి ముక్కునించి నెత్తురు కారుతూనే ఉంది. మాట్లాడితే కారేది, నవ్వితే కారేది. నేను పనికి పోతే వాడి ముక్కు కింద గుడ్డ పట్టుకుని కూచున్నది ఇదే. గుడ్డ తడవడం, పిండడం, మళ్ళీ పట్టడం. చెట్లు చిగురించే వేళకు పోయాడు.

ఇప్పుడు చెప్పండి, దాని చేత్తో అదే ముక్కు కింద అదే నెత్తురు మళ్ళీ పెట్టమంటే, ఒక బొమ్మ కాదు, బొత్తులకు బొత్తులు, ఎట్లా పెడుతుందండీ?

పెట్టకుండా వదిలేస్తే? కుదరదు. కిల్లెబెర్ గారు బొత్తిని చేత్తో విదిలించి చూస్తాడు. ప్రతి బొమ్మలో ప్రతి రంగూ తగలాలి. ఎక్కడ తగిలిందని చూడడు, తగిలిందా లేదా. ఎరుపు లేని బొమ్మ కనపడితే పిల్ల పని పోతుంది. అందుకని, ఎరుపు ఎక్కడో ఒకచోట పెట్టాలి గనక, వాడి మొహానికి దూరంగా, నడికట్టు కొసకు ఓ అంచులాగా దిద్దింది. ముక్కు తుడిచిన గుడ్డకు నెత్తురంటినట్టు అనుకోండి. పక్కన నీలం ఉందనీ, మధ్యలో నేను వదిలిన తెలుపుందనీ దానికి పట్టలేదు. అది ముక్కును తప్పించడమే చూసుకుంది. జాలండీ అది. ఉత్త జాలి.

హమ్మయ్య. చెప్పేశాను. ఇప్పుడు...

కలం తీశారేం?

ఏం రాస్తున్నారు? నేను చదవగలను, తలకిందులుగా ఉన్నా చదవగలను, అచ్చు పనిలో ఉన్నదాన్ని. "అన్న ఆ దొంగ చక్రవర్తి సైన్యంలో సిపాయి." రాశారా? "నిందితురాలు తెలిసే రంగును చోటు మార్చింది." అయ్యో, అట్లా కాదు. నేను చెప్పింది అది కాదు. మాటలు నావే, కానీ మీరు రాస్తుంటే అవి వేరేగా తయారవుతున్నాయి. కొట్టేయండి. దయచేసి అది కొట్టేయండి కమిషనరుగారూ.

ఇందాకటిదాకా పొరపాటుగా ఉన్నదాన్ని నా నోటితో నేరం చేశానా? అది ఏమీ చెప్పలేదు గదా మీకు? ఏడుస్తూ కూచుందన్నారు. నోరు మూసుకుని ఏడ్చినదే నయం, దాన్ని రక్షించడానికొచ్చి నేను... ఆ మంచినీళ్ళు ఇట్లా ఇవ్వండి.

వద్దు. అక్కర్లేదు. ఉండండి.

కలం పెట్టేయకండి. పట్టుకునే ఉండండి, ఇంకోటి రాద్దురుగాని.

రంగులయ్యాక బొమ్మలన్నీ నేనే తాళ్ళ మీద ఆరేస్తాను. బల్ల పెద్ద పని అది. ఆ మధ్యాహ్నం గది నిండా ఆరేశాను, ఈ గోడనించి ఆ గోడకు. కిటికీ తీశాను. గాలొచ్చింది. అన్నీ ఒక్కసారి కదిలాయి.

అప్పుడు చూశాను.

ఒక్క బొమ్మలో అది చిటికెనవేలి గోరంత. కాని గది నిండా ఒకేచోట, ఒకే వరసన, గాలికి ఒక్కసారే ఊగితే అది గోరు కాదండీ. ఏమిటో నాకు తెలిసింది. మీకు తెలిసినట్టే, అంత తొందరగానూ తెలిసింది. తెలిశాక ఆపగలిగేదాన్ని. కుంచె తడిపి ఒక్కో ఎరుపు మీద ఆకుపచ్చ రుద్దితే మట్టిరంగై ఊరుకునేది. పూట పని. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తలేదు, పిల్ల దొడ్లో మొహం కడుక్కుంటోంది. చూసినదాన్ని నేనొక్కత్తినే.

ఎందుకు ఆపలేదంటారా?

ఆ చక్రవర్తి మీద భక్తితో అనుకునేరు. ఆ పేరెత్తకూడని ఆయన్ని నేను తిట్టినన్ని తిట్లు మీ రాజుగారిని కూడా తిట్టలేదు. చేతులారా సాకిన బిడ్డను తీసుకుపోయి, కారే ముక్కుతో పంపాడు. నాకు ఏ రాజూ చుట్టం కాదు.

కానీ బాస్తియాన్‌ను పాతిపెట్టిన రోజు మీ మనుషులే వచ్చారు. వాడికి ఉన్నది ఒకటే మంచి కోటు, పటాలం కోటు. దానికి ఆ చక్రవర్తి గద్ద గుర్తు బొత్తాలున్నాయని, శవం మీదనే, కత్తెర తెప్పించి కోయించారు. ఎవరిచేత? వాడి చెల్లెలిచేత. బొత్తాల్లేని కోటు రెండు పక్కలకీ తెరుచుకుపోతే నా శాలువా పిన్నుతో బిగించి పెట్టెలో పెట్టాం. ఏ జెండా గుడ్డ వెంట పోయి చచ్చాడో ఆ గుడ్డ ముక్క వాడి మీద పడనివ్వలేదు.

మరి ఆ మధ్యాహ్నం అది నా నెత్తి మీద గది నిండా ఊగితే, చెరపడానికి నాకు చెయ్యి రాలేదండీ. కాసేపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఆరిన బొమ్మలు నేనే పోగుచేసి, నేనే మెట్లు దిగి, నేనే కిల్లెబెర్ గారి గల్లా పక్కన పెట్టాను. వాటి మీద నా చెయ్యి ఆనించి, "బాగా వచ్చాయండీ" అన్నాను కూడా.

రాయండి. నోరు తెరుచుకుని చూస్తారేం, ఇందాక అంత జోరుగా రాశారు.

ఉర్సూల్ ఎరుపు పెట్టింది, నెత్తురు చూడలేక. జెండా చూడలేదు. ఎరుపు పెట్టడం నేరమైతే కసాయివాళ్ళందర్నీ తీసుకురండి. నేరమేదైనా ఉంటే అది జెండా అని చూసిన కంట్లో ఉంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మొత్తం పారీసులో ఆ గోరంత ముక్కలో జెండా చూసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, మీరూ. మీరు జైలుకు రారు, మీకు అక్రోట్లున్నాయి. కాబట్టి నేనే.

శాలువా లేదు, అది బాస్తియాన్‌తో పోయింది. దుప్పటి తెచ్చుకున్నాను, వాకిట్లో పెట్టా. తాళంచెవి గోదెలీవ్‌కిచ్చి వచ్చాను. పిల్లకు పొయ్యి మీద చారుంది, రొట్టె గట్టిది పెట్టకండని చెప్పాను, దాని పళ్ళు కదులుతున్నాయి గదా. మీరూ దానికేం చెప్పకండి. పెద్దమ్మ పనికి పోయిందనండి. అది నమ్మదు, అయినా అనండి.

ఇంకా కూచునే ఉన్నారేం?

ఇంగ్లీషువాళ్ళ లెక్కన అరనిమిషం ఎప్పుడో దాటిపోయిందండీ. నేనైతే లేచి నిలబడ్డాను. మీరు కుర్చీలోంచి కదల్లేదు, ఓడినట్టే లెక్క. పోనీలెండి, మన దేశంలో ఆ లెక్కలు చెల్లవు గదా.

ఆ బండి ఏ వాకిటికి వస్తుందో చెప్పండి. పిల్లను వదిలేయండి, నేనెక్కుతా.